తలుపు మీద తువ్వాలు

లూసియానా తీరాన రొయ్యల పడవల వాళ్ళ ఊరు అది. పట్టపగలే తుపాను కమ్మేసింది. బడి మేడ మీద ఓడిల్, వీధుల్లో తిరుగుతున్న పడవలో ఆమె మరిది క్లోవిస్, ఇద్దరి మధ్యా గరగరలాడే వైర్‌లెస్ సెట్టు.

"ఎక్కడున్నావు క్లోవిస్?"

"అమ్మ ఇంటి ముందే, వదినా. ఒక్క నిమిషం ఆగి..."

"ఆగొద్దు. తలుపుకి తువ్వాలు ఉందా లేదా, అది చెప్పు."

"ఉంది. తలుపు పైకొసకి. నీళ్ళు ఇంకా దాన్ని అందుకోలేదు."

"ఉంటే అత్తయ్య వెళ్ళిపోయినట్టే. తువ్వాలు కట్టిన ఇంటి దగ్గర పడవ ఆపకూడదని ఊరంతా కూర్చుని అనుకున్నాం. నువ్వూ చెయ్యెత్తావు."

"ఎత్తాను. ఎత్తలేదన్నానా? ఓసారి కేకేసి చూసి వచ్చేస్తా."

"పోయిన తుపానుకీ ఇదే మాట అన్నావు."

"వదినా."

"సరే, అననులే."

"అనేశావుగా. ముందు అమ్మని తెచ్చుకున్నాను, తిరిగి వెళ్ళేసరికి దార్దార్ వాళ్ళ ముసలాళ్ళిద్దరూ నీళ్ళపాలయ్యారు. అదేగా? నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. నేనేం మర్చిపోలేదు."

"దెప్పడానికి అనలేదయ్యా. చివరి వీధిలో సిలెస్టిన్ నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఇంటికప్పు మీద కూర్చునుంది. ఇప్పుడే కబురొచ్చింది."

"వెళ్తున్నా, వెళ్తున్నా. ఒక్కటి చెప్పు. అమ్మ ఎవరితో వెళ్ళింది?"

"ఎవరో ఒకరితో వెళ్ళుంటుంది."

"ఎవరో ఒకరంటే?"

"పక్కింటి మార్సెల్ బండిలో వెళ్తానంది."

"ఎక్కడం చూశావా?"

"ఇక్కడ నా చుట్టూ ఊరు ఊరంతా ఉంది క్లోవిస్. ఒకరికి మందులు, ఒకరికి పాలు... తువ్వాలు ఉందన్నావు. చాలనుకున్నాను."

"మార్సెల్ నా పడవలో ఉన్నాడు."

"ఏంటీ?"

"ఇందాకే వాణ్ణి చెట్టు మీంచి దింపాను. మా అమ్మ ఏదిరా అంటే, మీ వదినతో వెళ్తానని చెప్పి నన్ను పంపించేసింది అంటున్నాడు. నీతో వచ్చిందా?"

"లేదు."

"అమ్మా! అమ్మా, ఉన్నావా! ... పలకట్లేదు వదినా. నీళ్ళు కిటికీలు దాటిపోయాయి."

"క్లోవిస్, నేను చెప్పేది విను."

"చెప్పకు."

"ఈ గాలికి సిలెస్టిన్ ఇంటికప్పు నిలవదు."

"లోపలుంది మా అమ్మ వదినా."

"ఉందో లేదో తెలీదు. సిలెస్టిన్ ఉందని తెలుసు. ముందు అక్కడికి పో."

"నీకేం, నీ అమ్మ కాదుగా."

"అను. ఏమైనా అను. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ చేతి వంటే తిన్నాను, ఆవిడ దగ్గరే ఏడ్చాను. అయినా పొమ్మంటున్నాను."

"ఇంట్లోనే ఉంటే? తిరిగొచ్చేసరికి... అప్పుడేం చెయ్యను? చెప్పు."

"నాకు తెలీదు. నా మొహం చూడటం మానేద్దువుగాని. ఇప్పుడు మాత్రం పో నాయనా."

"పక్కకి జరుగు మార్సెల్."

"క్లోవిస్?"

"తిప్పాను. పడవ తిప్పాను."

చాలాసేపు సెట్టులో గాలి హోరు తప్ప మరేమీ వినపడలేదు.

"క్లోవిస్. పలుకు క్లోవిస్. ఎంతసేపట్నుంచి పిలుస్తున్నాను."

"ఎక్కారు. తల్లీ పిల్లా ఇద్దరూ ఎక్కారు. మేం ఇలా పడవలోకి లాగామో లేదో, కప్పు అలా లేచిపోయింది. ఏడుపు వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. ఏడవనీ, చిట్టితల్లిని గట్టిగా ఏడవనీ."

"నేను అమ్మ దగ్గరికి పోతున్నా. ఇంక నువ్వేం చెప్పినా వినను."

"వద్దన్నానా? త్వరగా పో. నాదే తప్పు. ఆ తువ్వాలు ఎవరు కట్టారని కూడా అడగలేదు. నాదే..."

"మీ వదిన్ని ఏమీ అనకురా క్లోవిస్. నేనేరా, మీ అమ్మని. వంటింట్లో ఉన్న పాత సెట్టు అటక మీదకి తెచ్చుకుని మీ మాటలన్నీ వింటూనే ఉన్నాను. నేను ఇంట్లో ఉన్నానని తెలిస్తే ముందు నా దగ్గరికే వస్తావు. అందుకే తలుపుకి తువ్వాలు నేనే కట్టాను. పిల్ల ఏడుపు విన్నాను, చాలు. ఇప్పుడు రా నాన్నా, నడుం దాకా వచ్చాయి నీళ్ళు."