ఫారంలో నాలుగు ఏనుగులు

డెలానీపూర్‌లో మున్సిపల్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న గురువమ్మ టీ బడ్డీలో అప్పయ్య అప్పటికి మూడో టీ తాగుతున్నాడు. టీ మీద మోజుతో కాదు. చేతిలో గ్లాసుంటే మనిషి ఏదో పనిలో ఉన్నట్టే లెక్క, లేచి వెళ్లమని ఎవరూ అనరు. పన్నెండు దాటింది. ఒంటిగంటకి ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఇవాళ శుక్రవారం, మూశారంటే మళ్లీ సోమవారమే. ఆ సోమవారమే మనవరాలు లహరి తన ఐదు నిమిషాల సినిమా కాలేజీలో ఇచ్చెయ్యాలి. సముద్రం ఒడ్డు పార్కులో తీసుకోవడానికి పర్మిషన్ ఇవాళ చేతికొస్తే రేపు పొద్దున్న తీస్తుంది. రాకపోతే సినిమా లేదు. ఆ పని తనకి వదిలెయ్యమని, ఆ ఆఫీసులో కుర్చీలు కూడా తనని చూస్తే లేచి నిలబడతాయని చెప్పి, ఆ పిల్ల చేతిలోంచి కాగితాలు లాక్కున్నది అప్పయ్యే.

కుర్చీలు లేవలేదు సరికదా, వాళ్లిచ్చిన నోటీసొకటి చొక్కా జేబులో నాలుగు మడతలై గండుచీమలా కుడుతోంది.

మంగళవారం జరిగిందది. కిటికీ వెనక పద్మిని మేడమ్ ఫారం నింపుతూ ఏం షూటింగు, ఎంతమంది అని అడిగింది. చెప్పాల్సింది గోరంత. అప్పయ్య భార్య యర్రమ్మ బెంచీ మీద కూచుని వల అల్లుతుంది, ఈ పార్కు పార్కు కాకముందు మా నాన్న వలలు ఇక్కడే ఆరేసేవాడని చెబుతుంది, లహరి ఫోనులో తీస్తుంది. అంతే. కానీ సరిగ్గా ఆ సమయానికి లైన్లో అప్పయ్య వెనకాల సత్యారావు నిలబడి ఉన్నాడు. హాడో జెట్టీలో ఓడలకి తాళ్లు కట్టిన ముప్పై ఏళ్లూ వాడు అప్పయ్య వెనకాలే ఉండేవాడు, అప్పయ్య ఏం చెప్పినా నిదానంగా "ఓహో" అనేవాడు. ఆ ఓహోకి పైన ఉండాలనే అప్పయ్య మాట అంతంత ఎత్తు పెరిగింది. అలాంటివాడి ముందు ఒక ముసల్ది, ఒక ఫోను అనడానికి నోరెలా వస్తుంది? "పెద్ద పిక్చర్ మేడమ్. రెండొందల మంది, నాలుగు ఏనుగులు" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా రాసేసింది. దాంతో కాలేజీ పిల్లల ఫీజు పోయి పెద్ద సినిమా ఫీజు పడింది. అది అప్పయ్యకి ఆర్నెల్ల పింఛను. ఆ పైన ఏనుగులకి డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మని నోటీసిచ్చారు.

వెళ్లి దిద్దించుకుంటే సరిపోతుంది. పది అడుగుల రోడ్డు. కానీ ఆఫీసు వరండా బల్ల మీద, నీటి కనెక్షన్ పేరు మార్పుకోసం, ఇవాళ కూడా సత్యారావే కూచున్నాడు.

అప్పయ్య లేచాడు, కూచున్నాడు. గొడుగు తీశాడు, వాన లేదు, మూశాడు. ఆటో నాగరాజు చూసి ఏంటి మావా, ఆఫీసులో ఏమైనా పనా అన్నాడు. అంతే, కాలు కదలనివాడికి నోరు కదిలింది.

"పనేటిరా, ఆ ఆఫీసుకి పని నేర్పిందే నాను. పార్కులో షూటింగు పర్మిషన్ అంటే ఏటనుకున్నావు? ఒకపాలి మెయిన్‌లాండ్ నుంచి మన దీవికి సినిమావోళ్లు దిగారు. సామాన్లు మొయ్యమంటే మోసాను, అదేం గొప్ప కాదు."

గొప్ప ఎక్కడ మొదలయిందంటే గేటు దగ్గర. కెమెరా చేత్తో పట్టుకుంటే పర్వాలేదట, మూడుకాళ్ల స్టాండు నేలమీద ఆనిందంటే మాత్రం షూటింగట, డబ్బు కట్టాలట. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. డైరెక్టరుకి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు అప్పయ్య ముందుకొచ్చి, నేలమీద ఆనితేనే కదా, నా నెత్తిమీద పెట్టండి అన్నాడట. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా నిలబడ్డాడట. హాడోలో ఓడ కూత వేస్తే పార్కులో కొబ్బరికాయలు రాలాయి గానీ కెమెరా వెంట్రుకవాసి కదల్లేదట.

"మరి తుమ్మొస్తే?" అంది గురువమ్మ, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"ఒచ్చింది. వాయిదా ఏసాను. మర్నాడు ఇంటికెళ్లి తుమ్మాను."

నాగరాజు బెంచీ మీద సర్దుకు కూచున్నాడు. పక్క ఆటో వీరేంద్ర కూడా దిగొచ్చి, ఫిర్ క్యా హువా భయ్యా అని తన హిందీలో అడిగాడు. వినేవాడొకడు పెరిగితే అప్పయ్య కథలో పదిమంది పెరుగుతారు. వరండా వంక చూశాడు. సత్యారావు బల్ల మీంచి లేవలేదు. గోడ గడియారం మాత్రం ముందుకెళుతోంది.

"ఆ తర్వాత ఏటయిందో తెలుసా?" అని అందుకున్నాడు. ఆ తర్వాత మూడు ఆఫీసులవాళ్లు ఒకేసారి ఊడిపడ్డారట. గడ్డి ఒక ఆఫీసుది, చెట్లు ఇంకో ఆఫీసువి, గట్టు దాటితే నీళ్లు మూడో ఆఫీసువి. ఆకు చెట్టున ఉన్నంతసేపూ చెట్లవాళ్లకి కట్టాలి, రాలిందంటే గడ్డివాళ్లకి కట్టాలి, గాలికి కొట్టుకెళ్లి సముద్రంలో పడితే నీళ్లవాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని పడవలో వస్తారు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. అప్పయ్య మాత్రం ఒక్క ప్రశ్న అడిగాడట. ఆకు రాలుతూ రాలుతూ మధ్యలో గాల్లో ఉంది చూడండి, అప్పుడది ఎవరిది?

నాగరాజు తలెత్తి గాల్లోకి చూశాడు. నిజంగానే ఎవరిదో ఎవరికీ తెలీదు.

"ముగ్గురు ఆఫీసర్లూ మొహమొహాలు చూసుకున్నారు. గాలి ఎవడిదీ కాదు. అంచేత సినిమా మొత్తం గాల్లోనే తీసాం. హీరో, హీరోయిను, డాన్సర్లు, రెండొందల మందీ ఒకేపాలి ఎగిరారు."

"ఎగిరినోళ్లు దిగరేటి మావా?" అన్నాడు నాగరాజు.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అప్పయ్య గ్లాసు బల్లమీద పెట్టాడు. దిగుతారు, అందుకే కదా ఏనుగులు అన్నాడు. పక్క దీవిలో దుంగలు లాగే ఏనుగులకి కబురంపితే సముద్రం ఈదుకుంటూ వచ్చేశాయట, గట్టు కింద మూలకొకటి చొప్పున చేరి, తొండాలు పైకెత్తి ఊదాయట. ఆ గాలికి రెండొందల మందీ పాట అయిపోయేదాకా కిందకి రాలేదట. ఏనుగులు నీళ్లలో నిలబడితే నీళ్లవాళ్లకి కట్టాలి కదా అని, అవి నిలబడకుండా ఈదుతూనే ఊదాయట.

"పైసా కట్టలేదు. ఆఫీసరే ఒచ్చి సంతకం సేసి, అప్పయ్యగారూ మీరు మాకు పాఠం సెప్పారు అన్నాడు."

"ఏనుగులెన్ని భయ్యా?" అన్నాడు వీరేంద్ర.

"నాలుగు."

"ఫారంలో కూడా నాలుగే ఉన్నాయి తాతా."

అప్పయ్య వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేదు, ఆ గొంతు ఎవరిదో తెలుసు. లహరి గొడుగుకొనతో నేల గీకుతూ నిలబడి ఉంది. నోటీసు ఒకటి కాగితమై అతని జేబులోకి వెళ్తే, ఇంకొకటి మెసేజై బుధవారమే ఆ పిల్ల ఫోనులోకి వెళ్లింది. ఫారంలో నంబరు ఆమెదే కదా. కేకలెయ్యలేదు. అదే ఇబ్బంది.

"నువ్వే చెప్తావని రెండు రోజులు చూశా. నానమ్మ రేపటికని చీర ఇస్త్రీ చేయించుకుంది. నాలుగు ఏనుగులకి అరటిగెలలు ఎన్ని కావాలో కూడా నువ్వే చెప్పు, ఆవిడకి నేను చెప్పలేను."

వీరేంద్రకి సగమే అర్థమైంది, ఆ సగానికే తల దించుకున్నాడు. నాగరాజు ఆటో తుడవడానికి వెళ్లాడు, అది శుభ్రంగానే ఉంది. గురువమ్మ అప్పయ్య ముందున్న గ్లాసు తీసుకుంది. ఇంకా సగం టీ ఉంది అందులో.

గ్లాసు పోయాక అతనికి అక్కడ కూచునే దారి లేకపోయింది. ఒంటిగంటకి ఇరవై నిమిషాలుంది.

పది అడుగుల రోడ్డు దాటేసరికి చెమట పట్టింది. సత్యారావు బల్లమీంచి లేచి, ఎప్పటిలాగే, అతని వెనకాల నిలబడ్డాడు. పద్మిని మేడమ్ పాత ఫారం తీసి, ఏనుగుల డాక్టరు కాగితం తెచ్చారా అంది.

"ఏనుగులు లేవమ్మా" అన్నాడు అప్పయ్య. మెల్లగా అంటే ఆవిడకి వినబడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది, ఈసారి వరండా అంతా వినేలా.

"మనుషులు?"

"ఇద్దరు. మా ఆడది, మనవరాలు. ఒక ఫోను."

ఆవిడ ఏనుగుల్ని ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేసింది. రెండొందల్లో రెండు సున్నాలూ కొట్టేసింది. పక్కన సంతకం పెట్టమంది. పెట్టాడు. కాలేజీ పిల్లల ఫీజు కట్టాడు. రసీదు మీద, పర్మిషన్ మీద రెండు ముద్రలు పడ్డాయి. ఇంత చిన్న పని ఇంత తొందరగా అయిపోతుందని తెలిస్తే అప్పయ్య ఆ సిగ్గుతో చచ్చేదేదో బహుశా మంగళవారమే చచ్చేవాడు.

ఇంక ఓహో ఒక్కటే మిగిలింది. దానికి సిద్ధపడి వెనక్కి తిరిగాడు.

సత్యారావు అమాయకంగా నవ్వుతున్నాడు. చొక్కా జేబులోంచి చెవిమిషను తీసి, ఊది, చెవిలో పెట్టుకున్నాడు.

"ఏటో అన్నట్టున్నావు?"

అప్పయ్య ఆ చెవిమిషను వంక చూశాడు. "మంగళారం నాడు నానన్నది కూడా ఇనలేదేటి?"

"జెట్టీ ఇంజిన్ల మోతకి సెవులు పోయి నాలుగేళ్లయింది. ఈ ఆఫీసుకొస్తే మిషను తీసేస్తాను, బేటరీ దండగ. ఆళ్లు సెప్పేది రేపు రా అనే కదా, దానికి సెవులెందుకు? ఇప్పుడు సెప్పు. ఏటి పని మీదొచ్చావు?"

లహరి పక్కకొచ్చి నిలబడి పర్మిషన్ కాగితం తీసుకుంది. అప్పయ్య ఆ పిల్ల వంక చూశాడు, సత్యారావు వంక చూశాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"రేపు పార్కులో మా యర్రమ్మ సినిమా. ఆవిడే హీరోయిను."

"ఓహో" అన్నాడు సత్యారావు.

"కెమెరా సూడాలి మరి, ఇంత..." అని అప్పయ్య రెండు చేతులూ బార్లా చాపాడు.

లహరి చిన్నగా దగ్గింది.

చేతులు కాస్త దగ్గరికొచ్చాయి. ఇంకాస్త వచ్చాయి. అరచెయ్యంత అయ్యాక ఆగాయి.