వెలగని లైటరు

గ్యాస్ బావి పక్కన రేకుల షెడ్డు. గ్యాస్ గాలిలో కలవకుండా లీకులు కనిపెట్టే అమ్మాయి, వాల్వులు బిగించే మేనమామకు కెమెరా తెర చూపిస్తోంది.

“లీకేంటే? నా చేత్తో బిగించిన వాల్వది! వాసన కూడా లేదు.”

“బావిలోంచి వచ్చేదానికి వాసనుండదు మావయ్యా. కంటికీ కనబడదు, ఈ కెమెరాకే కనబడుతుంది. ఐదు నిమిషాల క్రితం దానంతటదే తీసింది, చూడు.”

“అమ్మో! ఈ నల్లటి పొగంతా గ్యాసేనా? అందులో నిలబడ్డదెవడు, బుద్ధిలేకుండా?”

“ఆ టోపీ ఎవరిది?”

“...నాదే.”

“చేతిలో ఏంటది?”

“మీ అత్తకి చెప్పకే. ఒక్క సిగరెట్టే.”

“అత్త సంగతి తర్వాత. లైటరు ఎన్నిసార్లు నొక్కావు?”

“మూడుసార్లు. పాడు లైటరు వెలగలేదని తిట్టుకున్నాను కూడా.”

“ముందు ఆ లైటరిలా ఇచ్చెయ్.”

“నా దగ్గర లేదు.”

“మరి?”

“రాయి మార్చి వెలిగించి చూస్తానని మీ నాన్న తీసుకున్నాడు.”

“నాన్నెక్కడున్నాడు మావయ్యా?”

“ఆ వాల్వు దగ్గరే.”