సెప్పులిడిసి తోలే ఉరుకుందప్ప

ఏమంటివి అల్లుడా? బ్రేకు కిందికి పోతాండాదా? రెండు మార్లు తొక్కితే మళ్లా పైకొస్తాంది, మంత్రాలయం పోయొచ్చినాంక సూపిస్తానంటావు, అంతేనా? ఇట్లా కూసో. నా మనమరాలు మంజులను గూడ కారు దిగమను, కడుపుతో ఉండే పిల్ల. ఉరుకుందప్ప అని ఒకాయప్ప ఉండె. నువ్వు పుట్టకముందే పోయినాడులే. మన ఆదోనిలో అంబాసిడర్ కారు తోలుతుండె. మనిషి భలే మొండి. నశ్యం పీలుస్తాడు, ఎవరన్నా తొందరపెడితే ఇంకో సిటికె పీలుస్తాడు. బండెక్కేముందు గుడికాడ ఇడిసినట్ల సెప్పులిడుస్తాడు. మేము భక్తి అనుకుంటిమి. ‘భక్తీ లేదు ఏమీ లేదప్పా, కాలికి తెలియాల’ అంటుండె. వట్టికాలు బ్రేకు మీద పెట్టి, అదిమి, అట్లే పట్టుకుంటాడు. నిలిచిందా, సరే. మెత్తగా ఉండి, మళ్లీ మళ్లీ తొక్కితే గట్టిపడిందా, ఆయిల్లో గాలి చేరింది. పట్టుకోనుండంగానే మెల్లగా దిగిపోయిందా, ఆ ఆయిలును నెట్టే పంపులో రబ్బరు పోయింది, ఇంక బండి కదిలేదే లేదు. అసలు పెడలే దిగకుంటే? ముందు వంగి సూడమంటుండె. ఒకసారి ఉరుకుంద ఈరన్నసామి గుడికాడికి పోయొస్తాంటే, ఎవరో సీటు కింద పెట్టిన టెంకాయ దొర్లి బ్రేకు కింద ఇరుక్కున్యాది. ఆపొద్దు నుంచి టెంకాయలన్నీ డిక్కీలోకే.

ఏం సెప్తాంటి? ఆ, నా పెండ్లి. ఎమ్మిగనూరికి పోవాల. బాసికం కట్టుకోని నేను ఎనక సీట్లో కూసున్యా. ఉరుకుందప్ప కాలు పెట్టినాడు, పట్టుకున్యాడు. ‘దిగండప్పా’ అన్యాడు. మా నాయన అగ్గిలెక్క లేసినాడు, ‘ఏమయ్యా, ముహూర్తం తప్పిపోతాది!’ అని. ఈయప్ప నిమ్మళంగా నశ్యం పీల్చి, ‘ముహూర్తం ఇంకోటి పెట్టిచ్చుకోవచ్చు. పెండ్లికొడుకును యాడ తెస్తావు?’ అన్యాడు. తాళం జేబులో ఏసుకున్యాడు, సెప్పులేసుకోని పోయినాడు. ఎంత తిట్టుకుంటినో నేను! ఆఖరికి పత్తి లారీ ఒకటి దొరికింది. దూది మూటల మీద కూసోని పోయినాము. దిగేతలికి నెత్తి, మీసాలు అన్నీ తెలుపే. ఆడపెండ్లోళ్లు ‘అయ్యో, ముసలోన్ని తెచ్చినారే’ అని గొల్లుమన్యారు. మీ అవ్వ ఉచ్చీరమ్మ మాత్రం తల వంచుకోని నగింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే నగుతాది, సూడు, లోపల్నుంచి ఇంటాంది. నెత్తి ఇప్పుడు నిజంగానే తెల్లబడె. ఆయప్ప పోయినపొద్దు నేను మా నాయనకు ఏడ్సినంత ఏడిస్తి. ఆపొద్దు ఆయప్ప తాళం ఇచ్చింటే నేను యాడుందును, మంజుల యాడుండును, దాని కడుపులో ఉండేది యాడుండును సెప్పు?

నగుతావేంది? నీది కొత్త కారే, నేను కాదంటినా? కాళ్లకు ఆ బూట్లు ఇప్పు. మేజోళ్లు గూడ. ఆ, ఇప్పుడు పోయి కూసో. స్టార్ట్ చెయ్. తొక్కు. ఎత్తొద్దు, అట్లే పట్టుకో. మాట్లాడొద్దు, కాలు ఏం సెప్తాందో ఇను.

...

దిగిపోతాంది కదా?

బండి ఆపి తాళం ఇట్లా ఇయ్యప్పా. మంజులా, ఆ సంచి లోపల పెట్టు తల్లీ. ఉచ్చీరమ్మా, అందరికీ టీ పెట్టు.