ఖాళీ ఒర

ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్ళో తుపాకుల కొట్టు అప్పుడే తెరిచారు. యజమాని రెండు నల్లటి ప్లాస్టిక్ పిస్తోళ్లు గాజుబల్ల మీద పెట్టి, పాత స్నేహితుడు లాయిడ్ వంక చూశాడు.

"రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. తేడా ఏమిట్రా?" అన్నాడు లాయిడ్.

"దీని పిడి కాస్త పొట్టి. దానికి ఒక తూటా ఎక్కువ పడుతుంది. అవునూ, నీ పాతది ఏమైంది?"

"అరిగిపోయింది."

"పోయినేడేగా నేను అమ్మింది! నా దగ్గరా నీ నాటకాలు?"

లాయిడ్ చెయ్యి నడుముకున్న ఖాళీ ఒర మీదికి పోయింది.

"ఆదివారం చర్చిలో మరుగుదొడ్డికి వెళ్ళాను. కూర్చునే ముందు తీసి, తుడుచుకునే కాగితం ఉండే డబ్బా మీద పెట్టాను."

"అక్కడే వదిలేశావా? చర్చికి తుపాకులతో కాపలా కాసేవాళ్ళకి జాగ్రత్తల పాఠాలు చెప్పేది నువ్వే కదరా!"

"నేనే."

"ఎవరికి దొరికింది?"

"అక్కడ ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. నా తర్వాత మనవరాలు వెళ్ళింది. పాట మధ్యలో అందరి ముందూ నడిచొచ్చి, 'తాతయ్యా, ఇది మర్చిపోయావు' అంది."

"దేవుడా! పిల్ల వేలు ఎక్కడుంది?"

"ట్రిగ్గర్‌కి దూరంగా చాపి పట్టుకుంది. గొట్టం నేలకి తిప్పి. అంతా నేను నేర్పినట్టే."

యజమాని గాజుబల్ల మీదికి వంగాడు.

"మరి ఆ పిస్తోలు బాగానే ఉందిగా?"

"ముట్టుకోలేకపోతున్నానురా. ఈ రెండిట్లో ఏది మేలంటావు?"

"ఏది కొన్నా, దొడ్డికి వెళ్ళేవాడివి నువ్వేగా."

లాయిడ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. బెల్టు వదులుచేసి, ఖాళీ ఒర తీసి, ఆ రెండిటి పక్కన పెట్టి, మూడింటినీ యజమాని వైపు తోశాడు.