తమ్ముడి ముడి

మిషన్ల మోతలో, పని అడగడానికి వచ్చిన కుట్టుపనామెను దుకాణం యజమానురాలు పలకరిస్తోంది.

“మీ తమ్ముడు సీరియల్లోనా! వినండర్రా, ఈమె తమ్ముడు టీవీలో వేస్తాడట! హీరోనా, విలనా?”

“అయ్యో, కాదక్కా! సీరియల్ కిల్లర్ అన్నాను. నలుగుర్ని చంపి జైల్లో ఉన్నాడు. తర్వాత తెలిసి గెంటేస్తారని ముందే చెబుతున్నా. ఇదివరకు రెండు చోట్ల అలాగే తీసేశారు.”

“అమ్మో, నా గుండె కుట్లు తెగాయి! చిన్నప్పట్నుంచీ అంతేనా?”

“నాన్న కొడితే మిషను కింద దూరేవాడు. ఏడుపు మాన్పించడానికి నేనే సూదీ దారం ఇచ్చి కుట్టు నేర్పాను. ఎడంచేతివాటం కదా, ముడి తిరగేసి వేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు.”

“ఊఁ?”

“శవం దొరికిన గోనెసంచి ఫోటో పేపర్లో వేశారు. మూతి దగ్గర అదే ముడి.”

“పోలీసులకు ఎవరు చెప్పారు?”

“నేనే. వాడు అన్నం తింటుంటే, ఉప్పు తెస్తానని వెళ్ళాను.”

“ఇప్పుడు వాణ్ణి చూస్తావా?”

“నెలనెలా వెళ్తాను. పట్టించాను గానీ, వదిలెయ్యలేదక్కా.”

“ఓసి నీ తెగువా! బంధం తెంచుకోకుండానే తెగించావే! నాకు అంత గుండె లేదు, గొంతే ఉంది. వీళ్ళకి చెప్పనా?”

“చెప్పక్కా. దాచుకుని దాచుకుని విసుగొచ్చింది.”

“మిషన్లు ఆపండర్రా! నేను సగమే విని మీకు తప్పు చెప్పాను. ఈమె తమ్ముడు నటుడు కాదు, హంతకుడు. పట్టించింది ఈమే. కిటికీ పక్క మిషను మీద ఆ గుడ్డలన్నీ తీసెయ్యండి, ఈమె కూర్చోవాలి.”