ఎమ్మే ఇంగ్లీషుకు రేటెంత?

నరసరావుపేటలో ఒక బ్యాంకు వరండా. బెంచీ మీద ముప్పాళ్ళ నుంచి వచ్చిన మిర్చి రైతు, పక్కన అతని కూతురు. ఇద్దరి మధ్య ఎడ్యుకేషన్ లోన్ ఫారం. కూతురు సంతకం పెట్టి చాలాసేపయింది. తండ్రి పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"నాలుగు లక్షలు అప్పు జేసి ఎమ్మే ఇంగ్లీషు చదివితే జీతం ఎంతొస్తదే?"

"పొద్దుట్నుంచి ఇది మూడోసారి అడగటం. మొదట్లో ఇరవై వేలు రావచ్చు నాన్నా."

"అందులో బ్యాంకోళ్ళకి ఏడు వేలు కడితే నువ్వేం తింటావు? మీ బాబాయి కూతురు వాసంతిని చూడు, నర్సింగ్ జేసి ముప్పై వేలు తెస్తంది."

"రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతయ్. నీకు తెలుసుగా!"

"ఇంగ్లీషు ఫోన్లో కూడా నేర్పుతన్నారంట. దానికి నాలుగు లక్షలేంది?"

"ఏటా అప్పు తెచ్చి మిర్చి వేస్తావు. నాటేటప్పుడు రేటెంతో నీకు తెలుసా?"

"ఎవుడికి తెలుస్తది?"

"పోయినేడు పెట్టుబడి కూడా రాలేదు. అయినా ఈ ఏడు మళ్ళీ నాలుగెకరాలు వేశావు. మిర్చిని నమ్మినంత కూడా నన్ను నమ్మవా?"

"ఏందే నీ పోలిక! రేటు లేకపోతే మిర్చిని బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాం. రేటొచ్చినప్పుడు అమ్ముకుంటాం. ఉద్యోగం రాకపోతే నిన్నెక్కడ పెట్టాలి?"

"డిగ్రీ అయ్యి రెండేళ్ళయింది. ఇప్పుడు ఎక్కడ పెట్టావు నాన్నా? ఇంట్లోనేగా."