ఊదని కవాతు, ఊదిన కవాతు

1987 నవంబరు పన్నెండవ తేదీన గార్లదిన్నె నుంచి వచ్చి మా పోలీసు బ్యాండులో చేరిన శ్రీ చిన్నప్ప గారు, ముప్పై ఎనిమిదేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అంతవరకు చర్చిలో బాకా ఊదిన ఆయన చేతికి నాటి బ్యాండు మాస్టరు శ్రీ ఓబుళేసు గారు ట్రాంబోన్ అందించారు. పాతకాలపు అమెరికా జాజ్ బృందాల క్యాసెట్ ఒకటి అరిగిపోయేదాకా విని, జారుడు గొట్టంతో స్వరాన్ని ఎలా సాగదీయాలో ఆయన స్వయంకృషితో నేర్చుకున్నారు. సాయంత్రపు సాధనలో ఆ వరసలు ఎత్తుకున్నారంటే మా కాళ్లు క్రమశిక్షణ మరిచేవి. మాస్టరు గారు విననట్టే తల తిప్పుకునేవారు.

గొట్టం చాచడానికి చోటు కావాలి గనుక ట్రాంబోన్ వాద్యకారుడు ముందు వరుసలోనే నడుస్తాడు. ఎండకు పెదవులు పగిలే మా మైదానంలో పదహారేళ్లు ఆయన ఆ వరుసకు వన్నె తెచ్చారు. 2003 జూలైలో శింగనమల దారిలో మోటారు సైకిల్ జారి, ముందరి పళ్లు రెండు పోగొట్టుకున్నారు. పళ్ల ఆనిక లేనిదే ఆ వాద్యం పలకదు. కట్టుడు పళ్లతో ఊదితే ఉత్త గాలే వచ్చింది. ఈ సంగతి బయటపడితే బ్యాండు నుంచి తీసి కాపలా విధుల్లో వేస్తారని భయపడి, స్వాతంత్ర్య దినోత్సవ కవాతులో ఆయన గొట్టాన్ని మాత్రం లయబద్ధంగా ఆడించారు, ఊదలేదు. పక్కనే నడిచిన మేమెవ్వరమూ కనిపెట్టలేదు, అది మాకు సిగ్గుచేటు. పైగా ఆయన చేతి నేర్పు మెచ్చి ఒక ఉన్నతాధికారి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు!

మరునాడు ఉదయమే ఆయన ఆ పత్రంతో మాస్టరు గారి ఎదుట నిలబడ్డారు.

"అన్నా, ఈ కాగితం నాకొద్దు. నిన్న నేను ఊదల్యా."

మాస్టరు గారు ఆ పత్రం అందుకుని సొరుగులో పెట్టారు. "జనవరి ఇరవయ్యారుకు ఊది చూపీ. ల్యాకుంటే గార్డు డ్యూటీకి పోతావప్పా" అన్నారు.

ఆ ఐదు నెలలు చిగుళ్లు నెత్తురోడినా, ఒక్కో స్వరాన్నీ చిన్నపిల్లవాడిలా మొదటినుంచి నేర్చుకున్నారు. సతీమణి శ్రీమతి ఎస్తేరమ్మ గారు ఇరుగుపొరుగుల విసుగునూ, భర్త నిస్పృహనూ తానే భరించారు. గణతంత్ర దినోత్సవం నాడు రెండవ బాణీలో ఆయన స్వరం ఒకచోట జారింది. మైదానమంతా వింది. ఇక తన పని అయిపోయిందని ఆయన తలవంచుకుని నిలబడితే, జనంలోంచి ఎస్తేరమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చారు.

"ఒకచోట తప్పినావు, నాకు ఇనిపించింది. తప్పిందంటే ఊదినావనే గదా" అన్నారు.

పక్కనే ఉన్న మాస్టరు గారు, రేపు సాధనకు వేళకు రమ్మని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. ఆ మాటకు చిన్నప్ప గారు అక్కడే కూలబడి ఏడ్చారు. తరువాతి ఇరవై రెండేళ్లూ ఆయన ముందు వరుసలోనే నడిచారు, మరో ముగ్గురికి ఆ విద్య నేర్పారు.

ఈ ఉదంతం ఈ వీడ్కోలు సంచికలో ఎందుకులే అని మేము సంకోచించాం. "అది రాయకుంటే నా గురించి ఏమీ రాయొద్దండప్పా" అని ఆయనే పట్టుబట్టారు.

శ్రీ చిన్నప్ప గారు ఆయురారోగ్యాలతో, ఎస్తేరమ్మ గారి తోడుతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ ట్రాంబోన్ ఇకమీదట కూడా, తప్పులతో సహా, మాకు వినిపిస్తూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.